బుధవారం పడవ

హేక్ దీవి,
అక్టోబరు 11, 1994.

ప్రియమైన వదినకు,

ఇక్కడ అందరమూ క్షేమం అని మొదలుపెట్టాలనే ఉంది. కానీ మొదటి వాక్యమే అబద్ధమైతే మిగతా ఉత్తరం రాయడానికి చెయ్యి రాదు. అందుకని నేరుగా విషయానికి వస్తున్నాను. పడవల ఆఫీసు నుంచి కాగితం వచ్చింది. మార్చి నుంచి బుధవారం పడవ కూడా తీసేస్తారట.

రెండేళ్ళ కిందట శుక్రవారం పడవ తీసేసినప్పుడే ఎబెన్ అన్నాడు, "ఇది ఇక్కడితో ఆగదు, చూస్తూ ఉండండి" అని. ఎబెన్ గుర్తున్నాడు కదా, చర్చి పక్కింటి మనిషి. మంచు ఎక్కువ పడిందని కూడా ప్రభుత్వానికి ఫిర్యాదు రాయగలడు. వాడి మాట నిజమైనందుకు బాధపడాలో, వాడికి అంత సంతోషంగా ఉన్నందుకు బాధపడాలో తెలియడం లేదు.

ఆఫీసు వాళ్ళ నియమం ఒకటుంది. చలికాలంలో వారానికి నలభై టికెట్లు తెగాలి. సగటున నలభైకి తగ్గితే ఒక రోజు పడవ కోత. శుక్రవారం పడవ ఉన్న చివరి ఏడాది ముప్ఫై ఒకటి తెగాయి, దాన్ని తీసేశారు. మొన్నటి చలికాలం ఇరవైనాలుగే తెగాయి. ఇక సోమవారం ఒక్కటే మిగులుతుంది.

నిన్న నా కూతురు నోలా వంటింట్లోకి వచ్చి కూర్చుంది. కేకలేసి చెప్పినా బాగుండేది. మామూలుగా చెప్పింది. "అమ్మా, బుధవారం పడవ పోతే మేం అవతలి ఒడ్డుకి మారిపోతాం. పిల్లకి మంగళవారం జ్వరమొస్తే మళ్ళీ సోమవారం దాకా ఆగమంటే జ్వరం ఆగుతుందా?" అంది. నా మనవలిద్దరూ వెళ్ళిపోతే బడిలో ఐదుగురు మిగులుతారు. ఐదుగురికోసం బడి ఉంచరు. బడి లేకపోతే ఆ ఐదుగురి ఇళ్ళవాళ్ళూ ఉండరు. నా కొట్టూ, పోస్టాఫీసూ ఎవరి కోసం తెరవాలి?

ఊళ్ళ చిక్కుల్ని గీతలు గీసి విప్పడమే కదా నీ ఉద్యోగం. "మీ వదిన సూప్ పొంగినా బాణాలు గీస్తుంది" అని పాపం అన్నయ్య నవ్వేవాడు. ఆ బాణాలు మాకూ నాలుగు పంపు. ఫిబ్రవరి పదహారున ఒడ్డున విచారణ పెట్టారు. అంతవరకే మాకు సమయం.

నీ ఉత్తరం కోసం టపా సంచులన్నీ ముందు తానే విప్పే నీ ఆడపడుచు,
ఏవిస్.


కేంబ్రిడ్జి,
అక్టోబరు 24, 1994.

ప్రియమైన ఏవిస్‌కి,

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. నేను అక్కడికి వచ్చి గీసి ఇస్తే అది నా పటం అవుతుంది, మీది కాదు. మీరే గీయాలి. ఎలాగో చెబుతాను.

నీ కొట్లో మాంసం చుట్టే కాగితం చుట్ట ఉంది కదా, అందులోంచి రెండు బారల ముక్క చించి గోడకు అతికించు. అందరినీ పిలువు. ఎవరు చేశారు అని అడగొద్దు, ఏది పెరిగితే ఏది పెరుగుతోంది, ఏది తగ్గుతోంది అని అడుగు. ఒకదాని నుంచి ఇంకోదానికి బాణం గీయండి. రెండూ ఒకే వైపు నడిస్తే, అంటే ఇది తగ్గితే అదీ తగ్గితే, బాణం పక్కన కూడిక గుర్తు. ఎదురెదురుగా నడిస్తే తీసివేత గుర్తు. గీస్తూ పోతే ఎక్కడో ఒక బాణం తిరిగి మొదటికే వస్తుంది. దాన్ని పట్టుకోవడం కోసమే ఇదంతా.

ఒక్క నియమం మాత్రం తప్పొద్దు. కాగితం మీద మనిషి పేరు రాయకూడదు. ఎక్కువ, తక్కువ అనగలిగినవే రాయాలి. టికెట్లు ఎక్కువ అనగలం, నమ్మకం తక్కువ అనగలం. ఎబెన్ ఎక్కువ అనలేం కదా. పేరు రాసిన క్షణం నుంచి అందరూ ఆ పేరునే చూస్తారు, బాణాల్ని చూడరు. ముప్ఫై ఏళ్ళుగా ఈ మాట చెప్పి చెప్పి నోరు నొప్పి పుట్టింది, అయినా నిజం.

మీ అన్నయ్య పోయాక ఆ దీవి పేరు వినబడితే వేరే మాట ఎత్తేదాన్ని. ఇప్పుడు దాని కోసం ఏదైనా చేయగలనంటే ప్రాణం లేచి వచ్చినట్టుంది.

ప్రేమతో, నీ వదిన,
థియా.


హేక్ దీవి,
నవంబరు 15, 1994.

ప్రియమైన వదినకు,

ఎబెన్ ఎక్కువ అనలేం అన్నావు. నువ్వు మా మధ్య చాలినన్ని రోజులు ఉండలేదు వదినా. ఎబెన్ ఎప్పుడూ ఎక్కువే.

శనివారం చర్చి కింద గదిలో బీన్స్ విందు పెట్టి, తిన్నాక తలుపు దగ్గర నేను నిలబడ్డాను, ఎవరూ జారుకోకుండా. ఇరవైరెండు మంది ఉన్నారు. నీ నియమం చెప్పీ చెప్పకముందే ఎబెన్ లేచి "ఆఫీసు దొంగలు" అని ఇంత లావు అక్షరాలతో రాశాడు. "మనుషుల్ని రాయకూడదయ్యా" అంటే, "దొంగలు మనుషులని ఎవరు చెప్పారు?" అన్నాడు. ఆ ముక్క కత్తిరించి వాడి చేతికే ఇచ్చాను. మడిచి జేబులో పెట్టుకున్నాడు.

తర్వాత పని సాగింది. పడవలు తగ్గితే ఎక్కేవాళ్ళు తగ్గుతారు. ఎక్కేవాళ్ళు తగ్గితే టికెట్లు తగ్గుతాయి. టికెట్లు తగ్గితే పడవలు తగ్గుతాయి. బాణం తిరిగి మొదటికొచ్చింది. మన అల్లుడు వ్యాన్స్ చూసి, "ఇది సుడి కదా" అన్నాడు. అప్పట్నుంచి అందరూ సుడి అనే అంటున్నారు. అంతా ఆఫీసు తప్పేనని తేలినందుకు గది గదంతా హాయిగా కాఫీ తాగుతోంది.

అప్పుడు గ్వెన్ లేచింది. మా బడి టీచరు, వచ్చి రెండేళ్ళయింది, గట్టిగా మాట్లాడటం నేనెప్పుడూ వినలేదు. "వ్యాన్స్ గారి పడవలో వెళ్ళేవాళ్ళని ఎక్కడ రాద్దామండీ?" అని అడిగింది.

కాఫీ కప్పులు బల్ల మీదకి దిగాయి. శుక్రవారం పడవ తీసేసినప్పుడు, పాపం ముసలివాళ్ళు ఎలా వెళ్తారని, నేనే వ్యాన్స్‌ని అడిగాను. లాబ్‌స్టర్ రొయ్యలు పట్టే తన పడవలో నలుగురిని ఉచితంగా ఒడ్డుకు దింపమన్నాను. మొదట శుక్రవారాలే. తర్వాత, ఎలాగూ వెళ్తున్నాడు కదా అని సోమ, బుధవారాలు కూడా. నా కొట్టు వెనక మెట్ల దగ్గరే ఎక్కుతారు, సరుకులూ అందులోనే వస్తాయి. ఎందరు వెళ్తున్నారో అక్కడే కూర్చుని లెక్కేశాం. వారానికి పంతొమ్మిది మంది. పంతొమ్మిదీ ఇరవైనాలుగూ కలిపితే నలభైమూడు.

గ్వెన్ పెన్ను నా చేతికిచ్చింది. ఆ బాణం నేనే గీశాను వదినా. అది నా కొట్టు మెట్ల నుంచి బయలుదేరి నేరుగా టికెట్ల దగ్గరికి వెళ్ళింది, పక్కన తీసివేత గుర్తుతో. నోలా, "అయితే పడవని ముంచింది మనమేనా అమ్మా?" అంది. నాకు సిగ్గేసింది. మంచి చేస్తున్నాననుకుని రెండేళ్ళు ఎంత గొప్పగా తిరిగానో తలుచుకుంటే ఇంకా సిగ్గేస్తోంది.

ముఖం చెల్లని నీ ఆడపడుచు,
ఏవిస్.


కేంబ్రిడ్జి,
నవంబరు 25, 1994.

ప్రియమైన ఏవిస్‌కి,

సిగ్గుపడకు. ఆ బాణాన్ని ఎవరి చేతా గీయించుకోకుండా నువ్వే గీశావు చూడు, నా విద్యార్థుల్లో ఆ పని చేసినవాళ్ళు వేళ్ళ మీద లెక్కపెట్టేటంత మందే.

ఆ బాణం మీద రెండు చిన్న అడ్డగీతలు పెట్టు. ఆలస్యంగా అందుతుంది అని దాని అర్థం. నువ్వు జాలిపడి చేసిన పని ఆ రోజు అందరికీ మేలే చేసింది. దాని దెబ్బ రెండు చలికాలాలు గడిచాక తగిలింది. మధ్యలో అంత కాలం పట్టబట్టే ఏది దేనివల్ల జరిగిందో ఎవరికీ కనబడదు. ఉచిత ప్రయాణాలు ఆపినా టికెట్లు వెంటనే పెరగవు, ఆ గీతలు అటువైపు కూడా పనిచేస్తాయి. ఓపిక పట్టండి.

ఇంకొకటి. మీ పటంలో నలభై అన్న అంకె ఉంది. దాని నుంచి బాణం బయలుదేరింది కానీ దానిలోకి ఏ బాణమూ రాలేదు. అది ఎక్కడి నుంచి వచ్చిందని ఎవరూ అడగలేదా?

నోలా పిల్లల్ని అడిగానని చెప్పు.

ప్రేమతో,
థియా.


హేక్ దీవి,
డిసెంబరు 6, 1994.

ప్రియమైన వదినకు,

ఉచిత ప్రయాణాలు ఆపేశాం. వ్యాన్స్ మెట్ల దగ్గర బోర్డు పెట్టాడు. ఎబెన్ నా కొట్లో మేకులు కొనడం మానేశాడు, ఒడ్డుకెళ్ళి కొనుక్కొస్తున్నాడు. వెళ్ళేది పెద్ద పడవలోనే కాబట్టి నేను నోరు మూసుకున్నాను. టికెట్లు కొంచెం పెరిగాయి, కానీ నువ్వన్నట్టే వెంటనే కాదు. కొందరైతే ఇంట్లోనే ఉండిపోతున్నారు.

నలభై సంగతి అడిగావు. ఆఫీసు కాగితంతోపాటు పాత నివేదిక నకలు ఒకటి జతచేశారు. 1966 నాటిది. చలికాలంలో ఒక వారం దీవి పడవల్లో తిరిగి, తెగిన టికెట్లు లెక్కపెట్టి, "వారానికి నలభై ఈ దీవికి సహజమైన సంఖ్య" అని తేల్చారట. కింద సంతకం టి. లిండ్‌క్విస్ట్. ఎవరో మహానుభావుడు. బతికున్నాడో లేదో తెలియదు గానీ, కనబడితే ఎర చేపల బకెట్టు నెత్తిన కుమ్మరిస్తానని ఎబెన్ అంటున్నాడు. పేరు రాయకూడదన్నావు కాబట్టి పటం మీద ఎవరమూ రాయలేదు.

నోలా వాళ్ళు ఒడ్డున ఒక ఇల్లు చూసొచ్చారు. కిటికీలు బాగున్నాయట. ఆ మాట నాతో చెబుతున్నప్పుడు దాని కళ్ళు నా వైపు లేవు.

నీ జవాబు కోసం చూసే,
ఏవిస్.


హేక్ దీవి,
జనవరి 9, 1995.

ప్రియమైన వదినకు,

ఐదు వారాలైంది. క్రిస్మస్‌కి కార్డు కూడా లేదు. పోస్టాఫీసు నాది కాబట్టి దారిలో పోయిందని సర్దిచెప్పుకునే వీలు కూడా నాకు లేదు. ఒంట్లో బాగుందా? ఒక్క ముక్క రాయి చాలు.

నీ,
ఏవిస్.


కేంబ్రిడ్జి,
జనవరి 20, 1995.

ప్రియమైన ఏవిస్‌కి,

మంచు మీద జారిపడి చీలమండ విరిగింది. కాలికి కట్టు కట్టారు, మార్చి దాకా కదలకూడదట. కానీ రాయకపోవడానికి కారణం అది కాదు. చెయ్యి బాగానే ఉంది.

టి. లిండ్‌క్విస్ట్ నేనే. పెళ్ళికి ముందు నా ఇంటిపేరు అది. అప్పుడు నాకు పాతికేళ్ళు, అదే నా మొదటి ఉద్యోగం. పడవల ఆఫీసు వాళ్ళు, ఎన్ని పడవలు నడపాలో తేల్చిపెట్టమని ఒక వారం పంపించారు. సోమ, బుధ, శుక్రవారాల్లో రోజుకు రెండుసార్లు వెళ్ళి రెండుసార్లు వచ్చేది పడవ. ప్రతిసారీ ఎక్కాను, ఒక్కటి కూడా వదల్లేదు. టికెట్లు చించి సగం పెట్టెలో వేసే కుర్రాడు మీ అన్నయ్య. మేం కలుసుకున్నది పడవ మీదేనని నీకు తెలుసు, నేను ఎందుకు ఎక్కానో ఎప్పుడూ చెప్పలేదు. వారం చివర పెట్టెలో సగాలు లెక్కపెట్టాను. నలభై. ఒక్కో టికెట్టు నంబరూ నివేదిక చివర రాశాను, అంత శ్రద్ధ నాకు. ఒక్క వారం చూసి, ఒక దీవికి అంకె కట్టేశాను.

నీ మొదటి ఉత్తరంలో నలభై అన్న మాట చూసి కాఫీ చల్లారిపోయేదాకా అలాగే కూర్చున్నాను. నీకు వెంటనే రాసి ఉండాల్సింది. దానికి బదులు, కాగితం మీద పేరు రాయొద్దని పాఠం చెప్పాను. ఆ నియమం మంచిదే, ఏవిస్. ఈసారి మాత్రం నేను దాని చాటున దాక్కున్నాను. నువ్వు ఇరవైరెండు మంది ముందు నీ బాణం గీసిన సంగతి చదివి కూడా నా బాణం నేను గీయలేదు. ఆ నలభైలోకి ఏ బాణమూ రాలేదేమని నిన్ను అడిగాను, పట్టుబడాలని కొంత, పట్టుబడకూడదని కొంత.

ఆ అంకెకు ఆధారం లేదని, దాన్ని వాడొద్దని కాగితం రాసి, సంతకం చేసి ఇందులో పెడుతున్నాను. విచారణలో నువ్వే చదువు. ఎబెన్‌కి నా పేరు చెప్పు. బకెట్టు సిద్ధంగా ఉంచమను.

క్షమించమని అడగడానికి కూడా మొహమాటంగా ఉన్న,
థియా.


హేక్ దీవి,
ఫిబ్రవరి 20, 1995.

ప్రియమైన వదినకు,

ముందు నా దొంగతనం ఒప్పుకుంటాను. లిండ్‌క్విస్ట్ ఎవరో నాకు అక్టోబరులోనే తెలుసు. మీ పెళ్ళి శుభలేఖ నా వంటింటి అలమర తలుపుకి లోపలివైపు ఇంకా అతికించే ఉంది, రోజూ ఉప్పు డబ్బా తీస్తూ చూస్తూనే ఉంటాను. ఆఫీసు కాగితం వచ్చిన రోజు చాలా కోపం వచ్చింది. ఆ కోపంతోనే నీకు రాశాను. నీ అంతట నువ్వు చెబుతావా లేదా అని చూశాను. మహానుభావుడు అని రాస్తున్నప్పుడు నవ్వూ వచ్చింది, ఏడుపూ వచ్చింది. నువ్వు మూడు నెలలు దాచావు, నేను నాలుగు నెలలు దాచాను. ఇద్దరికిద్దరం సరిపోయాం.

నీ ఉత్తరంలో ఒక్క వాక్యం దగ్గర నేను ఆగిపోయాను. "ప్రతిసారీ ఎక్కాను" అన్నావు. ఆ రోజుల్లో కెప్టెన్ టికెట్ లేకుండా పాదిరీ గారిని కూడా ఎక్కనిచ్చేవాడు కాదు. మరి నిన్నెలా ఎక్కనిచ్చాడు? సమాధానం ఇక్కడే, అన్నయ్య గాలాల పెట్టెలో ఉంటుందని నాకెందుకో అనిపించింది. నువ్వు నాకు పంపేశావు కదా, తెరవలేక అలాగే అటక మీద పెట్టాను. మూడేళ్ళ తర్వాత తెరిచాను. అడుగున, గాలపు దారంతో కట్టిన సగం టికెట్లు ఉన్నాయి. నువ్వు బల్ల మీద వదిలేసి దిగిన సగాలు. లెక్కపెట్టాను. పన్నెండు.

ఒక్కోదాని వెనక పెన్సిల్‌తో అన్నయ్య రాత. మొదటి దాని మీద "మాట్లాడలేదు". నాలుగో దాని మీద "పేరు థియా". తొమ్మిదో దాని మీద "నవ్వింది". చివరి దాని మీద "మళ్ళీ వస్తానంది". నేను అటక మెట్ల మీదే కూర్చుని ఏడ్చాను వదినా. ఆ తర్వాత నీ నివేదిక తెచ్చుకుని చివరి పేజీలో నంబర్లతో సరిచూశాను. పన్నెండుకు పన్నెండూ ఉన్నాయి.

విచారణకు దీవి సగం వచ్చింది. ఇప్పుడు వారానికి ముప్ఫైమూడు తెగుతున్నాయని ఆఫీసాయన చదివాడు. "బాగానే పెరిగాయి, కానీ నియమం నియమమే కదమ్మా" అన్నాడు. మంచి మనిషే, మర్యాదగానే అన్నాడు. నీ కాగితం చదివాను. "ఆవిడ ఇప్పుడు బాధపడుతున్నారు, సరే. కానీ ఆ రోజు పెట్టెలో నలభై ఉన్నమాట నిజమే కదా?" అన్నాడు. అప్పుడు పన్నెండు సగాలూ బల్ల మీద పరిచాను. "ఈ పన్నెండూ లెక్కపెట్టడానికి వచ్చినావిడవి. తనని తనే లెక్కపెట్టుకుంది" అన్నాను.

ఆయన కళ్ళజోడు పెట్టుకుని ఒక్కో నంబరూ చూసుకున్నాడు. చాలాసేపు పట్టింది. చూడటం అయ్యాక "నలభైలో పన్నెండు పోతే ఇరవై ఎనిమిది" అని తనలో తను అనుకున్నట్టు అన్నాడు. ఎబెన్ లేచాడు. "అంటే శుక్రవారం పడవ తీసేసిన ఏడాది ముప్ఫై ఒకటి తెగితే, మేం మూడు ఎక్కువే ఉన్నామన్నమాట!" అని అరిచాడు. వాడు జీవితంలో మొదటిసారి ఫిర్యాదు కాకుండా లెక్క చెప్పాడు, అదీ సరిగ్గా.

బుధవారం పడవ ఉంటుంది. నలభై అన్న నియమం కొట్టేశారు. మే నెల నుంచి శుక్రవారం పడవ ఒక ఏడాది నడిపి చూస్తారు. ఈసారి అంకె కట్టేముందు దీవివాళ్ళని కూడా కూర్చోబెట్టి అడుగుతారట. నోలా పడవ దిగాక, "ఆ ఇంటివాళ్ళకి వద్దని ఫోన్ చేస్తానమ్మా" అంది. అంతే అంది, నాకు చాలు.

పటం ఇప్పుడు కొట్లో గోడ మీదే ఉంది. నీ నియమం తప్పాను. నా మెట్ల దగ్గర బాణం మొదట్లో ఏవిస్ అని రాశాను. నలభైలోకి ఒక బాణం గీసి, దాని మొదట్లో థియా అని రాశాను, దాని మీద రెండు అడ్డగీతలు పెట్టాను. ఇరవైతొమ్మిదేళ్ళు పట్టింది కదా. ఎవరూ పేర్ల వంకే చూస్తూ ఉండిపోలేదు. ఎబెన్ బకెట్టు సంగతి కూడా ఎత్తలేదు, అంతటా చూసి "ఆవిడ మంచి మనిషే, లెక్కలే రావు" అన్నాడు.

నువ్వు ఆ వారమంతా మమ్మల్ని చూడటానికి వచ్చాననుకున్నావు. ఎక్కినవాళ్ళలో నువ్వూ ఒకదానివని నీకు తట్టలేదు. అన్నయ్యకి తట్టింది. మా లెక్కలో నువ్వు అప్పట్నుంచే ఉన్నావు వదినా, ఇన్నాళ్ళూ పరాయిదానిలా గుమ్మం బయట నిలబడింది నువ్వే.

పదకొండు సగాలు ఇందులో పెడుతున్నాను. "నవ్వింది" అని ఉన్నది పంపడం లేదు, పటం మీద నీ పేరు పక్కన అతికించాను. కాలు బాగయ్యాక మేలో మొదటి శుక్రవారం పడవకి రా. టికెట్టు మాత్రం కొనుక్కుని ఎక్కు.

రేవులో నిలబడి ఎదురుచూసే,
నీ ఏవిస్.